క్వార్టర్ లెక్క తెలియని ప్రశ్నపత్రం

మనిషి రక్తంలో మద్యం ఎంత ఉందో చెప్పే పరికరం రోడ్డు మీద నిలబడిన పోలీసు చేతిలో ఉంటుంది. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద అది నేరమవుతుంది గనుక, బండి నడిపినవాడు గొట్టంలోకి ఒక్కసారి ఊదగానే విషయం తేలిపోతుంది. అదే మద్యం వల్ల ఇరవై ఏళ్ల విద్యార్థి చదువులో, స్నేహాల్లో, ఇంట్లో, ఒంట్లో ఏమేమి చెడిందో తేల్చడానికి అటువంటి గొట్టం ఏదీ లేదు. అందుకు మనస్తత్వ శాస్త్రవేత్తలు గత డెబ్బై ఏళ్లుగా కూర్చుతూ, దిద్దుతూ వచ్చిన ప్రశ్నావళులే దిక్కు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలోని కళాశాలలు విద్యార్థుల తాగుడు గురించి నిజంగా ఏదైనా చేయదలిస్తే, ముందుగా ఆ ప్రశ్నావళులు ఏం కొలుస్తాయో, ఈ నేల మీద అవి ఎక్కడ తప్పుతాయో తెలుసుకోవడం అవసరం.

రక్తపరీక్షలు ఈ పనికి అక్కరకు రావు. ఏళ్ల తరబడి అతిగా తాగినవారిలో కాలేయానికి సంబంధించిన గామా గ్లుటామిల్ ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము రక్తంలో పెరుగుతుంది, సీడీటీ అని పిలిచే ఒక రకం ప్రోటీను కూడా పెరుగుతుంది. కానీ శనివారం రాత్రి మితిమీరి తాగి మిగతా వారమంతా ముట్టని పంతొమ్మిదేళ్ల కుర్రవాడి నివేదికలో ఇవి చాలావరకు మామూలుగానే కనిపిస్తాయి. మామిడి మండీలో కాటా కాయ బరువు చెబుతుంది గాని లోపల టెంక పురుగు ఉందో లేదో చెప్పదు. కుర్రవాణ్ని అడిగితేనే తెలుస్తుంది, ఎలా అడిగారన్నదాన్ని బట్టే ఎంత తెలుస్తుందన్నదీ ఉంటుంది.

ఈ ప్రాంతపు స్థితిగతులు కొంత ప్రత్యేకమైనవి. బెంగళూరు నుంచి దిగే 44వ నంబరు జాతీయ రహదారి అత్తిబెలె దాటి తమిళనాడులో అడుగుపెట్టగానే వచ్చే మొదటి పట్టణం హోసూరు. అదే దారి శూలగిరి మీదుగా కృష్ణగిరికి పోతుంది, అక్కడి నుంచి ఈశాన్య దిక్కున కుప్పం వైపు ఆంధ్ర సరిహద్దు దగ్గరలోనే ఉంటుంది. 2004లో ధర్మపురి నుంచి విడివడి ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలో తెలుగు, కన్నడ, తమిళ కుటుంబాలు తరతరాలుగా కలిసి బతుకుతున్నాయి. సిప్కాట్ పారిశ్రామికవాడ పెరిగినకొద్దీ కళాశాలలూ పెరిగాయి: హోసూరులో అదియమాన్ ఇంజినీరింగ్ కళాశాల 1987లో, బర్గూరులో ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాల 1994లో మొదలయ్యాయి. ఇంట్లో తెలుగు మాట్లాడి, 2006 నాటి చట్టం ప్రకారం బడిలో తమిళం చదివి, కళాశాలలో ఇంగ్లీషులో పరీక్ష రాసే పిల్లలు ఇక్కడి తరగతి గదుల్లో కొత్త కాదు. తమిళనాడులో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. అంటే డిగ్రీ చదువుతున్నవారిలో అత్యధికుల విషయంలో తాగుడు అనేది ఆరోగ్య సమస్య కావడానికి ముందే చట్టవిరుద్ధమైన విషయం. ఈ ఒక్క సంగతి కొలత మొత్తాన్ని ఎలా వంకర తిప్పుతుందో ముందు ముందు తెలుస్తుంది.

మద్యం మంచిచెడ్డలను లెక్కకట్టి చూడాలన్న ఆలోచన ఈ జిల్లాకు పాతదే. హోసూరు సమీపంలోని తొరపల్లిలో 1878లో పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారి, మద్రాసు రాష్ట్ర ప్రధాని అయిన కొద్ది నెలలకే, 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం అమలు చేశారు. నాటి సేలం జిల్లాలో హోసూరు, కృష్ణగిరి తాలూకాలు భాగం. మరుసటి ఏడాది నిషేధం చిత్తూరు, కడప జిల్లాలకు పాకింది. అప్పుడు మద్రాసు విశ్వవిద్యాలయ ఆర్థికశాస్త్ర ఆచార్యుడు పి.జె. థామస్ ఆధ్వర్యంలో సేలం జిల్లాలో నిషేధపు ఆర్థిక ఫలితాలను పరిశీలించారు. నిషేధం సరైనదా కాదా అన్న వాదన ఎటు తేలినా, ఎంత సారా అమ్ముడైందన్న ఆబ్కారీ లెక్కను పక్కనపెట్టి తాగుడు మానిన ఊళ్లలో బతుకు ఎలా మారిందని అడగడం ఆనాటికి పెద్ద ముందడుగు.

తరవాతి కాలంలో ప్రభుత్వాలకు కొలతలు చాలానే ఉన్నాయి గాని అవి వేరే కొలతలు. 1983లో ఏర్పడిన రాష్ట్ర ప్రభుత్వ మద్యం సంస్థ టాస్మాక్‌కు 2003లో చిల్లర అమ్మకాల గుత్తాధికారం కూడా దక్కింది గనుక రాష్ట్రంలో ఏ పండగకు ఎన్ని కోట్ల మద్యం అమ్ముడైందో మర్నాటి పత్రికల్లోనే వస్తుంది. తమిళనాడు నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న తీర్పు చెబుతూ జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదన్నప్పుడు అధికారులు టేపు పట్టుకుని దూరాలు కొలిచారు. రూపాయలు లెక్కకు వచ్చాయి, మీటర్లు లెక్కకు వచ్చాయి. తరగతికి రాకుండా హాస్టల్ గదిలో పడుకున్న విద్యార్థి మాత్రం ఏ లెక్కలోకీ రాలేదు.

దేశస్థాయిలో రెండు పెద్ద సర్వేలు ఉన్నాయి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన పురుషుల్లో మద్యం తాగేవారు తమిళనాడులో 25.4 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం, తెలంగాణలో 43.3 శాతం. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ నిర్వహించి 2019లో వెలువరించిన మత్తుపదార్థాల సర్వే ఇంకో అడుగు ముందుకు వేసింది: దేశంలో 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో 14.6 శాతం మంది తాగుతున్నారనీ, అదే జనాభాలో 5.2 శాతం మంది హానికరంగా తాగేవారో మద్యానికి బానిసలైనవారో అనీ అది విడదీసి చెప్పింది. తాగేవారు వేరు, తాగుడుతో దెబ్బతింటున్నవారు వేరు. మొదటి వర్గంలో మూడింట ఒక వంతుకు పైగా రెండో వర్గంలో ఉన్నారు. కళాశాల చేయవలసిన కొలత ఈ రెండోది.

ఆరు డ్రింకులు ఒక సీసాలో

ప్రపంచంలో అన్నిటికంటే విరివిగా వాడే ప్రశ్నావళి పేరు ఆడిట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం ఆస్ట్రేలియా, బల్గేరియా, కెన్యా, మెక్సికో, నార్వే, అమెరికా దేశాల్లో పరీక్షించి 1993లో ప్రకటించిన ఈ పత్రంలో పది ప్రశ్నలు ఉంటాయి. ఒక్కొక్కదానికి సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు, మొత్తం నలభై. మొదటి మూడు ఎంత తాగుతారన్నదాని గురించి, తరవాతి మూడు మద్యం మీద అదుపు తప్పడం గురించి, చివరి నాలుగు జరిగిన నష్టం గురించి అడుగుతాయి. ఎనిమిదికి చేరితే జాగ్రత్త పడవలసిన స్థితి అనీ, పదహారుకు చేరితే కౌన్సెలింగ్ కావాలనీ, ఇరవైకి చేరితే వైద్యుడు నిశితంగా పరీక్షించాలనీ మార్గదర్శకాలు చెబుతాయి.

చిక్కు రెండో ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. తాగిన రోజున సాధారణంగా ఎన్ని డ్రింకులు తాగుతారని ఆ ప్రశ్న అడుగుతుంది. అక్కడ డ్రింక్ అంటే పది గ్రాముల శుద్ధ ఆల్కహాలు. హోసూరు కుర్రవాడికి ఈ గ్రాముల గొడవ తెలియదు, తెలియవలసిన పనీ లేదు; అతనికి తెలిసినవి క్వార్టర్, హాఫ్, ఫుల్, ఇద్దరు పంచుకుంటే కటింగ్, కర్ణాటక వైపు నుంచి వచ్చే తొంభై మిల్లీలీటర్ల అట్ట ప్యాకెట్టు, బీరు సీసా. మన దేశంలో బ్రాందీ, విస్కీ, రమ్ము సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలుతో అమ్ముతారు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో ఆ శాతం ప్రకారం 77 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది. ఆల్కహాలు నీటికంటే తేలిక గనుక దాని బరువు సుమారు 61 గ్రాములు. అంటే ఒక్క క్వార్టర్ ఆరు డ్రింకులకు సమానం, తొంభై మిల్లీలీటర్ల ప్యాకెట్టు మూడింటికి సమానం. ఏడెనిమిది శాతం ఆల్కహాలున్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా కూడా నాలుగు డ్రింకులకు అటూ ఇటుగా తూగుతుంది.

ఉదాహరణకు నెలకు రెండు శనివారాలు ఒక్కొక్క క్వార్టర్ తాగే విద్యార్థిని తీసుకోవచ్చు. ఎంత తరచుగా అన్న మొదటి ప్రశ్నకు అతనికి రెండు మార్కులు వస్తాయి. ఎన్ని అన్న రెండో ప్రశ్నకు తాను తాగేది ఒకటే క్వార్టర్ గనుక ఒకటి లేదా రెండు అన్న గడిలో గీత పెడతాడు, మార్కు సున్నా. నిజానికి అతను ఐదు లేదా ఆరు అన్న గడిలో ఉండాలి, అక్కడ మార్కులు రెండు. ఒకే బైఠక్‌లో ఆరు లేక అంతకు మించి తాగే సందర్భాలు ఎన్ని అన్న మూడో ప్రశ్నకు ఎప్పుడూ లేదంటాడు, మళ్లీ సున్నా. నిజానికి తాగిన ప్రతిసారీ ఆ హద్దును తాకుతున్నాడు గనుక నెలవారీ అన్న గడి కింద రెండు మార్కులు రావాలి. మూడు ప్రశ్నలకు కలిపి ఆరు రావలసినవాడికి రెండు వచ్చాయి. ఈ మూడు ప్రశ్నలనే విడిగా వాడే సంక్షిప్త పద్ధతిలో పురుషులకు హద్దు నాలుగు. కుర్రవాడు ఆ హద్దుకు అటు ఉండవలసింది ఇటు తేలాడు. అతను అబద్ధం ఆడలేదు, పత్రం అతని లెక్కలో అడగలేదు, అంతే. ఆడిట్ మార్గదర్శకమే స్థానిక పాత్రల కొలతలకు తగ్గట్టు ప్రశ్నలను సవరించుకోమని చెబుతున్నా, ఇంగ్లీషు పత్రాన్ని యథాతథంగా జిరాక్స్ తీసి పంచేయడం తేలిక గనుక ఆ సలహా మరుగున పడుతుంది. ప్రశ్న పక్కన క్వార్టర్, కటింగ్, ప్యాకెట్టు, బీరు సీసా బొమ్మలు వేసి ఎన్నో చెప్పమంటే సరిపోతుంది. గ్రాములు కట్టుకునే బాధ్యత కొలిచేవారిది.

విద్యార్థికి తగిన నష్టాల జాబితా

తాగిన మోతాదును ఎంత సరిగా పట్టుకున్నా అది సగం పనే. విద్యార్థుల తాగుడును మొదటిసారి పెద్ద ఎత్తున పరిశీలించిన రాబర్ట్ స్ట్రాస్, సెల్డెన్ బేకన్‌లు 1953లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి వెలువరించిన గ్రంథంలో 27 అమెరికన్ కళాశాలల సమాచారంతో పాటు తాగుడు తెచ్చే సామాజిక చిక్కులను కూడా నమోదు చేశారు. ఆ తరవాత చాలాకాలం ఆసుపత్రుల్లో పెద్దవారి కోసం తయారైన ప్రశ్నలనే పిల్లలకూ వాడారు. 1971 నాటి మిషిగన్ పరీక్ష ఉద్యోగం పోవడం, సంసారం చెడటం, ఆసుపత్రి పాలు కావడం వంటివాటి గురించి అడిగేది. యూయింగ్ 1984లో ప్రకటించిన కేజ్ అనే నాలుగు ప్రశ్నల పత్రం పొద్దున్నే లేచి తాగుతారా అని అడిగేది. పెళ్లీ ఉద్యోగమూ ఇంకా చూడని, పొద్దున తాగే దశకు చేరని విద్యార్థి ఇటువంటి ప్రశ్నలన్నిటికీ లేదని చెప్పి, ఏ ఇబ్బందీ లేనివాడిగా బయటపడతాడు.

అందుకే ఆ వయసుకు తగిన కొలతలు పుట్టాయి. 1989లో రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన వైట్, లబూవీలు 23 ప్రశ్నల సూచిక తయారు చేశారు. 1992లో హర్ల్‌బట్, షెర్‌లు కళాశాల విద్యార్థుల కోసమే 27 ప్రశ్నల పరీక్షను రూపొందించి, జీవితంలో ఎప్పుడైనా జరిగిందా, గడచిన ఏడాదిలో ఎన్నిసార్లు జరిగిందని విడివిడిగా అడిగారు. నిరుడు ఒక్కసారి జరిగినదాన్నీ, నెలనెలా జరుగుతున్నదాన్నీ ఒకే గాటన కట్టకుండా చూడటం ఇందులోని మెలకువ. 2006లో జెనిఫర్ రీడ్ బృందం 48 ప్రశ్నలను ఎనిమిది విభాగాలుగా పేర్చింది: మనుషులతో సంబంధాలు, అదుపు తప్పడం, తన మీద తనకు చిన్నచూపు, ఒంటిని పట్టించుకోకపోవడం, ప్రమాదకరమైన పనులు, చదువు లేదా పని దెబ్బతినడం, శరీరం మద్యానికి అలవాటు పడటం, తాగిన రాత్రి ఏం జరిగిందో గుర్తులేకపోవడం. ఇదే బృందం తయారుచేసిన 24 ప్రశ్నల చిన్న రూపంలో ఒక సొగసు ఉంది. డెన్మార్క్ గణితవేత్త రాష్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో ఏ నష్టం ఎక్కువమందికి తొలిదశలోనే వస్తుందో, ఏది కొద్దిమందికి ముదిరాకనే వస్తుందో లెక్కించి ప్రశ్నలకు తీవ్రతా క్రమం కట్టారు. మర్నాటి తలనొప్పి ఆ క్రమంలో కింద ఉంటే, పొద్దున్నే తాగవలసి రావడం పైన ఉంటుంది. దానివల్ల విద్యార్థి సమస్య ఎంతవరకు ముదిరిందో కూడా మార్కును బట్టి తెలుస్తుంది.

అయినా ఈ జాబితాలు అమెరికన్ హాస్టళ్లలో పుట్టినవి. కృష్ణగిరి జిల్లా విద్యార్థికి జరిగే నష్టాల్లో కొన్ని వాటిలో లేవు. ఇక్కడ చదువు దెబ్బతినడం అంటే పేరుకుపోయిన అరియర్లు, హాజరు చాలక ఆగిపోయిన హాల్ టికెట్టు. డబ్బు దెబ్బ అంటే మెస్సు బిల్లుకని ఇంటి నుంచి తెచ్చిన సొమ్ము వారాంతంలో కరిగిపోవడం, స్నేహితుడి దగ్గర చేసిన అప్పు తీర్చలేక ఫోను తాకట్టు పెట్టడం. ప్రమాదం అంటే రాత్రివేళ అత్తిబెలె నుంచి ఒకే బండి మీద ముగ్గురు కలిసి లారీల మధ్య తిరిగి రావడం. అన్నిటినీ మించి, కుటుంబంలో కళాశాల గడప తొక్కిన మొదటివాడు తాగి దొరికిపోతే ఇంట్లో వాళ్ల ముఖం చూడలేని స్థితి ఏర్పడుతుంది, ఆ ఇంట్లో చెల్లెలిని చదివించాలా వద్దా అన్న మాట కూడా పైకి వస్తుంది. ఇవి అడగని ప్రశ్నావళికి ఎంత గణితబలం ఉన్నా అది ఇక్కడి విద్యార్థి నష్టాన్ని కొలిచినట్టు కాదు. విశ్వసనీయత అంటే ఒకే మనిషిని రెండుసార్లు అడిగితే దాదాపు ఒకే జవాబు రావడం. ప్రామాణికత అంటే కొలవదలచినదాన్నే కొలవడం. పరాయి జాబితాకు మొదటి గుణం ఉండి రెండోది లేకపోవడం సాధ్యమే.

ఇంకో పెద్ద ఖాళీ ఆడపిల్లల విషయంలో ఉంది. ఎయిమ్స్ సర్వే ప్రకారం పురుషుల్లో తాగేవారు 27.3 శాతం ఉంటే స్త్రీలలో 1.6 శాతమే గనుక, తాగేవారిని మాత్రమే ప్రశ్నించే పత్రం కళాశాలలో సగంమందిని మొదటి ప్రశ్న దగ్గరే ఇంటికి పంపేస్తుంది. సాయంత్రం బస్సులో తాగినవాడి పక్కన నిలబడలేక ఆఖరి తరగతి వదులుకునే అమ్మాయికీ, తండ్రి తాగి వచ్చిన రాత్రి పుస్తకం తెరవలేకపోయిన విద్యార్థినికీ జరిగినది మద్యం వల్ల కలిగిన నష్టమే. తాగేవారి వల్ల ఇతరులకు కలిగే హానిని విడిగా కొలవాలన్న దృష్టి ఇప్పుడు బలపడింది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పరిశోధకులు మన దేశంలో ఆ దిశగా పనిచేశారు. తాగే తలిదండ్రుల పిల్లలను గుర్తించడానికి 1983 నుంచీ ఒక ప్రశ్నావళి ఉంది, దానికి ఆరు ప్రశ్నల చిన్న రూపమూ ఉంది. ఈ ఆరు ప్రశ్నలు చేర్చకుండా హోసూరులో ఏ కళాశాల సర్వే చేసినా అది మగపిల్లల సర్వేగానే మిగులుతుంది.

నిజం చెప్పే వీలు

చట్టప్రకారం తాగకూడని వయసులో ఉన్న, దొరికితే హాస్టల్ ఖాళీ చేయవలసి వచ్చే విద్యార్థి నిజం ఎందుకు చెప్పాలి? రోల్ నంబరు రాయమని, వార్డెన్ ఎదురుగా కూర్చుని నింపమని చెప్పే పత్రంలో తాగుడు దాదాపు మాయమవుతుంది. దాన్ని చూసి యాజమాన్యం తృప్తిపడితే అంతకు మించిన నష్టం లేదు. పేరు లేకుండా రాయించడం కనీస షరతు. దానికీ జంకేవారి కోసం వార్నర్ 1965లో ప్రతిపాదించిన ఆలోచన నుంచి పెరిగిన ఒక పద్ధతి ఉంది. ప్రతి విద్యార్థీ ఎవరికీ చూపకుండా నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే నిజంతో పనిలేకుండా అవునని రాస్తాడు, బొరుసు పడితే నిజం రాస్తాడు. ఉదాహరణకు 200 మందిలో 130 మంది అవునని రాశారనుకుంటే, అందులో సుమారు వందమంది బొమ్మ పడినవారు. మిగిలిన ముప్ఫై మంది బొరుసు పడిన వందలోంచి వచ్చినవారు. అంటే అసలు సంఖ్య ముప్ఫై శాతం దగ్గర ఉంటుంది. ఏ కాగితం మీద అవును అన్నది నాణెం మాటో, ఏది మనిషి మాటో ఎవరూ చెప్పలేరు గనుక ఏ ఒక్కరినీ పట్టుకోవడం కుదరదు, మొత్తం కళాశాల సంగతి మాత్రం తెలుస్తుంది.

అలా తేలిన సంఖ్యను దాచిపెట్టకూడదు. పెర్కిన్స్, బెర్కోవిట్జ్‌లు 1986లో అమెరికాలో చూపినదేమంటే, విద్యార్థులు తోటివారి తాగుడును ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకుంటారు, ఆ ఊహకు తగ్గట్టు తామూ నడుచుకోవడానికి మొగ్గుతారు. అందరూ తాగుతున్నారు, మనం తాగకపోతే బాగుండదు అనుకునే మొదటి సంవత్సరం కుర్రవాడికి, తన కళాశాలలో తాగనివారే ఎక్కువమంది అన్న నిజమైన లెక్క గోడమీద కనిపిస్తే అది ఉపన్యాసం కంటే ఎక్కువ పనిచేసే అవకాశం ఉంది.

విడి విద్యార్థి మార్కును శిక్షకు ఆధారంగా వాడకూడదనడానికి లెక్కలోనే కారణం ఉంది. వెయ్యిమందిలో నిజంగా ఇబ్బందిలో ఉన్నవారు వందమంది అనుకుని, వారిలో ఎనభైమందిని పట్టుకునే, ఇబ్బంది లేనివారిలో తొంభై శాతాన్ని సరిగా వదిలేసే మంచి ప్రశ్నావళినే వాడామనుకున్నా, ఇబ్బంది లేని తొమ్మిది వందల మందిలో తొంభైమంది పొరపాటున జాబితాలోకి ఎక్కుతారు. మొత్తం 170 మందిలో సగానికి పైగా ఏ సమస్యా లేనివారే. ఇటువంటి జాబితా పట్టుకుని తలిదండ్రులను పిలిపించడం, టీసీ చేతిలో పెట్టడం అన్యాయమే అవుతుంది. పక్క గదిలో కూర్చోబెట్టి మరో అరగంట మాట్లాడటానికైతే అది మంచి ఆరంభం.

మాట్లాడటం వల్ల ఫలితం ఉంటుందనడానికి మన దేశంలోనే రుజువు ఉంది. గోవాలో పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన పురుషుల్లో ఆడిట్ మార్కు 12 నుంచి 19 మధ్య ఉన్న 377 మందిపై అభిజిత్ నడ్కర్ణి, విక్రమ్ పటేల్ బృందం చేసిన ప్రయోగం 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. వైద్యులు కాని, శిక్షణ పొందిన స్థానికులే నాలుగు విడతలకు మించకుండా కౌన్సెలింగ్ ఇచ్చారు; మూడు నెలల తరవాత మార్కు హద్దు లోపలికి వచ్చినవారు కౌన్సెలింగ్ పొందినవారిలో 36 శాతం, మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో 26 శాతం. వారు విద్యార్థులు కారు, వయసులో పెద్దవారు; అయినా ఒక ఎన్ఎస్ఎస్ అధ్యాపకురాలు, ఒక సీనియర్ విద్యార్థి కొద్దిపాటి శిక్షణతో ఈ పని మొదలుపెట్టడానికి ఇంతకు మించిన భరోసా అక్కరలేదు. ముదిరిన సందర్భాల్లో పంపడానికి నిమ్హాన్స్ బెంగళూరులో హోసూరు రోడ్డు మీదే ఉంది.

పేరు రాయించకపోతే సాయం ఎవరికి అందించాలో తెలియదు, రాయిస్తే నిజం తెలియదు. ఈ ముడి విప్పడానికి తేలికైన మార్గం పత్రాన్ని రెండు ముక్కలుగా అచ్చువేయడం. తెలుగులో, తమిళంలో, కన్నడంలో ప్రశ్నలున్న పై ముక్కను విద్యార్థి పేరు లేకుండా పెట్టెలో వేస్తాడు. కింది ముక్క మీద తన మార్కు తానే కూడుకునే పట్టిక, ఆ మార్కుకు అర్థం, కళాశాలలో ఎవరి దగ్గరకు ఏ సమయంలో వెళ్లి మాట్లాడవచ్చన్న వివరం, మత్తు విముక్తి కోసం కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 14446, మనసు బాగోలేనప్పుడు పిలవడానికి టెలీ మానస్ నంబరు 14416 ఉంటాయి. ఆ ముక్కను చించుకుని అతను జేబులో పెట్టుకుపోతాడు.